గంట మోగేలోపు ఆట

పొద్దున పదకొండు దాటింది. బయట ముసురు, సన్నగా, విడవకుండా. లాండ్రీ లోపల మాత్రం ఆవిరికి గోడలే చెమటలు కక్కుతున్నాయి. మడతన్నకి ఆకలి దంచేస్తోంది. తెల్లారగట్ల ఇంట్లో తాగిన టీ తప్ప కడుపులో ఏమీ పడలేదు. డబ్బా ఎదురుగానే, సబ్బుపొడి బస్తా మీద, మూత తీసి ఉంది. ఒక్క ముద్ద నోట్లో పడితే ప్రాణం లేచొస్తుంది. కానీ అతని చెయ్యి డబ్బా వైపు వెళ్ళడం లేదు. చదరంగం బోర్డు మీది గుర్రం దగ్గరే ఆగిపోయింది. తీయాలా, ఉంచాలా, తీస్తే ఎటు దించాలి.

ఎదురుగా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని జోరక్క కాలు ఊపుతోంది.

"తమ్ముడూ, ఆ గుర్రానికి గడ్డి పెడుతున్నావా? డ్రమ్ము గొంతు మారింది విను," అంది.

నిజంగానే మారింది. అప్పటిదాకా గడగడమన్న చప్పుడు సన్నబడి, కీచుమంటూ పైకి లేస్తోంది. మడతన్న కంగారుగా గుర్రాన్ని ఎత్తాడు. ఇంకా గడిలో దించనేలేదు, గంట మోగింది. అంతే, ఓడిపోయాడు. జోరక్క అప్పటికే లేచి డ్రమ్ము తలుపు దగ్గరుంది. వెనకాల ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే ముసలాయన, అందరూ ఇస్త్రీ మామ అనే ఆయన, తల బయటపెట్టి మావాడు మంత్రిని కూడా కలుపుకుని తినేసేలా ఉన్నాడు, ముందు డబ్బా తినమనండి అని నవ్వాడు. మడతన్న ఓ ముద్ద నోట్లో కుక్కుకుని, చెయ్యి లుంగీకి తుడుచుకుని, తడి దుప్పట్ల కోసం పరిగెత్తాడు.

అది పెద్ద లాండ్రీ. ఆసుపత్రులవీ లాడ్జిలవీ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ అక్కడికే వస్తాయి. మనిషి నిలబడి స్నానం చెయ్యగలిగేంత డ్రమ్ము. అందులో వేసి, ఉడికించి, జాడించి, చివర్లో గిరగిరా తిప్పి నీళ్ళు పిండిస్తారు. ఆ చివరి తిరుగుడు మొదలయ్యాక తలుపు తెరవడానికి లేదు. అదే ఆగి, అదే గంట కొట్టాలి. గంట కొట్టాక మాత్రం ఆలస్యం పనికిరాదు, తడి బట్ట ముద్దలో ఉండిపోతే పడ్డ ముడత ఇస్త్రీకి కూడా లొంగదు. కాబట్టి డ్రమ్ము తిరిగే ఆ కాసేపే వాళ్ళకి విశ్రాంతి. తింటే ఆ కాసేపట్లోనే తినాలి, ఆడితే ఆ కాసేపట్లోనే ఆడాలి. జోరక్క, మడతన్న రెండూ కలిపి చేసేవారు. ఎక్కువసార్లు తిండికే కోత పడేది.

చదరంగం మామూలు చదరంగమే. బోర్డు ప్లాస్టిక్‌ది, ఆవిరికి నాలుగు మూలలా పైకి లేచిపోయి తట్టలా తయారైంది. ఒక ఒంటె పోతే దాని చోట దగ్గుమందు సీసా మూత. ఒక బంటు ఏదో లాడ్జి కోటు జేబులో దొరికిన గుండీ. నియమం ఒక్కటే వేరు. గంట మోగినప్పుడు ఎవరి వంతైతే వాళ్ళు ఓడినట్టు. చేతిలో మంత్రి ఉన్నా, ఏనుగులు రెండూ ఉన్నా, అవతలివాడి రాజు మూల నక్కి వణుకుతున్నా సరే, వంతు నీదైతే ఓటమి నీదే.

ఎత్తు వేశాక "పట్టు" అనాలి. అది ఆటలోంచి పుట్టిన మాట కాదు, పనిలోంచి వచ్చింది. దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని ఎదురెదురుగా నడిచి, ఒకరు తమ మూలలు రెండోవాళ్ళ చేతిలో పెట్టి "పట్టు" అంటారు. ఆ మాట అన్నాక ఇచ్చినవాళ్ళ చేతులు ఖాళీ, బాధ్యత పుచ్చుకున్నవాళ్ళది. జారి నేలమీద పడితే వాళ్ళే తీసుకెళ్ళి మళ్ళీ ఉతకాలి. అందుకని ఆ మాట వినగానే చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది. ఆటలోనూ అంతే. "పట్టు" అని వినపడితే మడతన్నకి వేళ్ళు బిగుసుకునేవి.

జోరక్క అసలు పేరు లాండ్రీలో ఎవరి నోటికీ రాదు. పొట్టి మనిషి, చేతులు మాత్రం మోటుగా ఉంటాయి. నెరిసిన జుట్టు ముడేసి దానిమీద గుడ్డ టోపీ, కాళ్ళకి తన కాళ్ళకంటే పెద్దవైన రబ్బరు బూట్లు. ఆ బూట్లతోనే అందరికంటే ముందు నడిచేది. మాట అంతే, తిండి అంతే, కోపం కూడా అంతే, వచ్చింది వచ్చినట్టే పోయేది. నిదానంగా చెప్పు అని ఎవరైనా అంటే, నిదానంగా వినేవాళ్ళకి చెప్పే ఓపిక నాకు లేదు అనేది.

ఆట ఎక్కడ నేర్చుకుందో మడతన్నకి చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ కొత్తగా నవ్వుకుంటూ. పెళ్ళయి కాపురానికి వచ్చేసరికి ఇంట్లో బావగారు, అంటే ఆమె పెనిమిటికి అన్నగారు ఉండేవారు. ఆయన ఒక మిల్లుకి కాపలా. ఆయనకో స్నేహితుడు, ఉత్తరాలు పంచేవాడు. ముందు గదిలో ఇనప్పెట్టె మీద బోర్డు పరిచి ఇద్దరూ ఆడేవారు. ఆడేవారంటే, వారానికొక ఎత్తు. స్నేహితుడు సెలవు రోజున వచ్చి, టీ తాగి, గడ్డం గోక్కుని, ఒక బంటు జరిపి వెళ్ళేవాడు. వచ్చే సెలవు దాకా బావగారు దానిముందు కూర్చుని మీసం మెలేసేవారు. ఆ బోర్డుని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. కానీ దుమ్ము పడితే తుడవాలి, ఆ పని చిన్నకోడలిది. ఒక్కో బొమ్మా ఎత్తి, కింద తుడిచి, అక్కడే పెట్టేది. మొదట్లో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడమే. ఆ తర్వాత, నిన్న ఇక్కడున్నది ఇవాళ అక్కడికెందుకు వెళ్ళిందబ్బా అనిపించేది. ఇంకొన్నాళ్ళకి, వచ్చే వారం ఏది జరుగుతుందో ఆమెకి ముందే తెలిసిపోయేది. తెలిశాక ఆ వారం గడవాలి కదా. అరచేతులు దురద పెట్టేవట.

ఒకరోజు తుడుస్తుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. చేతిలో ఉన్న గుర్రాన్ని గబుక్కున పెట్టేసి పరిగెత్తింది. పక్క గడిలో పెట్టేసింది. సాయంత్రం గుర్తొచ్చి చూస్తే బావగారు అప్పటికే బోర్డు ముందు కూర్చుని ఉన్నారు, దిద్దే వీలు లేదు. ఇవాళ కనిపెడతారు, రేపు కనిపెడతారు అని గుండె గుప్పెట్లో పెట్టుకుని చూసింది. ఎవరూ కనిపెట్టలేదు. ఆట అలాగే సాగింది, బావగారు ఓడారు, సరిగ్గా ఆ గుర్రం వల్లే. కొన్నాళ్ళ తర్వాత ఒకనాడు భోజనాల దగ్గర నవ్వు ఆపుకోలేక చెప్పేసింది. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. వానాకాలం వచ్చి వెళ్ళేదాకా ఆమెతో మాట్లాడలేదు.

"వారాల తరబడి దాని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు తమ్ముడూ," అనేది జోరక్క. "గుర్రం జరిగిందని ఇద్దరిలో ఒక్కడికీ తెలీలేదు. నిదానం నిదానం అంటారు. నిదానంగా చూసినంత మాత్రాన కనపడుతుందా?"

మడతన్నకి ఆట నేర్పింది ఆమే. మొదట్లో అతను తడబడేవాడు. ప్రతి గంటకీ చెయ్యి గాల్లోనే ఉండేది. ఆమె జాలిపడేది కాదు, నేర్పేది కూడా కాదు, ఆడేది. వేసెయ్, తప్పైతే తప్పు, తప్పు చేశాక ఏం చేస్తావో అది ఆట, అనేది. నిదానపు ఆటలో మంచి ఎత్తు దొరికేదాకా వెతుక్కోవచ్చు, ఇక్కడ చెడ్డ ఎత్తుతో కూడా బతకాలి, మనకి ఏది పనికొస్తుందో నువ్వే చెప్పు అనేది. అతనికి జవాబు తోచేలోపు ఆమె ఎత్తు వేసేది. రాను రాను అతని చెయ్యి కూడా పదునెక్కింది. డ్రమ్ము గొంతు మారే సమయానికి వంతు ఆమె మీదకి నెట్టేయడం నేర్చుకున్నాడు. మొదటిసారి ఆమెని అలా ఓడించిన రోజు అతను ఇంటికి వెళ్తూ బస్సులో ఒక్కడే నవ్వుకున్నాడు. పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు.

అలా ఏళ్ళు నడిచాక కొత్త మేనేజరు వచ్చాడు.

చెడ్డవాడని చెప్పడానికి లేదు. కుర్రవయసు, మెత్తని మాట. వచ్చిన కొత్తలోనే ఇస్త్రీ రోలరు దగ్గర ఫ్యాన్లు పెట్టించాడు, బట్టల సోడా కలిపిన నీళ్ళతో పనిచేసేవాళ్ళకి మంచి తొడుగులు తెప్పించాడు. ఎవరినైనా మీరు అనే పిలిచేవాడు. డ్రమ్ముల గదిలోకి వస్తే కళ్ళద్దాలకి ఆవిరి పట్టి గుడ్డివాడైపోయేవాడు, తుడుచుకుంటూ గోడకి కాసేపు ఆనుకునేవాడు. అలా తుడుచుకుని పెట్టుకున్న ఒకరోజు ఎదురుగా బోర్డు కనపడింది. ఆయనకి చదరంగం ప్రాణం. చదువుకునే రోజుల్లో పోటీలకి కూడా వెళ్ళాడట.

నిలబడి చూశాడు. మడతన్న ఆ రోజు బాగా ఆడుతున్నాడు, జోరక్క రాజు మూలకి చేరాడు. ఇంతలో గంట మోగింది, వంతు మడతన్నది. జోరక్క చప్పట్లు చరిచి లేచింది. మేనేజరు మొహం చూస్తే ఎవరో పాలల్లో ఉప్పేసినట్టుంది.

"అదేంటమ్మా, ఇంకో రెండెత్తుల్లో ఆయన గెలిచేవాడు కదా," అన్నాడు.

"గెలిచేవాడే సార్. గెలవలేదు," అంటూ ఆమె డ్రమ్ము తలుపు లాగింది.

ఆ రోజు నుంచి ఆయనకి నిద్రపట్టలేదేమో మరి, రోజూ వచ్చేవాడు. జోరక్క వేసే ఎత్తులు చూసి తనలో తను తలాడించేవాడు. ఒకరోజు ఉండబట్టలేక పెదవి విప్పాడు. చదరంగం అంటే ఆలోచన అమ్మా, మీరు ఆడేది చేతివాటం, అదృష్టం, గంట. మీకు ఇంత బుర్ర ఉంది, దాన్ని గంటకి కట్టేసి పాడుచేసుకుంటున్నారు. ఒక్క ఎత్తు లోతుగా ఆలోచించి వేస్తే ఎలా ఉంటుందో మీకు తెలీదు, అన్నాడు. మాటలో వెటకారం లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. పిల్లాడు మట్టి తింటుంటే తల్లి బాధపడినట్టు.

జోరక్క చేతిలో వేడి దుప్పటి ఉంది, పొగలు కక్కుతోంది.

"సార్, ఇది పట్టుకోండి," అని ఒక మూల ఆయన చేతికిచ్చింది. ఆయన పట్టుకుని, చురుక్కుమని వదిలేశాడు. దుప్పటి మూల నేలమీద పడింది. ఆమె దాన్ని తీసి మాసిన బట్టల బుట్టలో పడేసింది. "మీరు ఆలోచించారు. నా చెయ్యి ఆలోచించదు, ఎక్కడ పట్టుకుంటే కాలదో దానికి తెలుసు. అది కూడా బుర్రే సార్. ఎంతో కాలం పెడితే వచ్చిన బుర్ర. గబగబా ఆడేవాడికి ఆలోచన లేదని ఎవరు చెప్పారు మీకు? వాడు ఆలోచించడం మీకు కనపడదు, అంతే."

మేనేజరు చెయ్యి ఊదుకుంటూ నవ్వాడు. కోపగించుకోలేదు. కానీ మర్నాడు వచ్చేసరికి బోర్డు డ్రమ్ముల గదిలో లేదు. తడి నేల మీద తొందరపడటం ప్రమాదమని, పనిచోట ఇకమీదట ఆటలు వద్దని, బోర్డు తన గదిలో బీరువాలో ఉందని అందరినీ పిలిచి చెప్పాడు. జోరక్కని మాత్రం ఉండమన్నాడు. మడతన్న బట్టల బండి తోస్తున్నట్టు నటిస్తూ అక్కడక్కడే తిరిగాడు, అంతా విన్నాడు.

ఊళ్ళోని లాండ్రీలన్నీ కలిసి ఏటా పోటీలు పెట్టుకుంటాయి. ఈసారి చదరంగం కూడా ఉంది. మన తరఫున మీరు కూర్చోండి, అన్నాడు మేనేజరు. మధ్యాహ్నం మీకు కాసేపు విరామం ఇస్తాను, నా గదికి రండి, నిదానపు ఆట నేను అలవాటు చేస్తాను. గెలవక్కర్లేదు. ఆ ఒక్క ఆటా చివరిదాకా కూర్చుని, ఆడాల్సిన తీరులో ఆడండి. ఆ తర్వాత మీ బోర్డు మీకిచ్చేస్తాను, డ్రమ్ము దగ్గరే ఆడుకోండి, నేను అడ్డురాను.

"మాటే కదా సార్?" అంది జోరక్క.

"మాటే," అన్నాడు.

అప్పటినుంచి మధ్యాహ్నం డ్రమ్ము తిరిగే వేళకి ఆమె బూట్లు విప్పి, చెప్పులేసుకుని, మేడమెట్లెక్కి వెళ్ళేది. మడతన్న సబ్బుపొడి బస్తా మీద ఒక్కడే కూర్చుని డబ్బా విప్పేవాడు. కడుపునిండా తినేవాడు. అంతకుముందు ఏ రోజూ అంత తీరిగ్గా తిన్నది లేదు, అయినా రుచి తెలిసేది కాదు. గంట మోగితే ఉలిక్కిపడి, చేతిలో ఏమీ లేదని గుర్తొచ్చి, మూత పెట్టుకుని లేచేవాడు. ఇస్త్రీ మామ ఊరుకుంటాడా. నీ వాలకం చూస్తే ఆవిడకి సీమంతం, నీకు వేవిళ్ళు అన్నట్టుందయ్యా అన్నాడు. మరి నువ్వు నాతో ఆడరాదా అని మడతన్న అంటే, నేను నా రోలరుతోనే ఓడిపోతున్నా, ఇంకా నీతో ఎందుకు అన్నాడు.

ఒకరోజు దుప్పటి మడతపెడుతూ మడతన్న ఉండబట్టలేక అడిగాడు, ఎలా ఉందక్కా ఆ ఆట అని. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"బాగుంది తమ్ముడూ, అబద్ధం ఎందుకు," అంది. "నిన్న ఒక ఎత్తు కోసం చాలాసేపు చూశాను. బావిలోకి మెట్లు దిగుతున్నట్టు, చల్లగా, లోపల ఇంకా లోపల ఏదో ఉన్నట్టు. ఆయన చెప్పేది ఉత్తిది కాదు. కానీ అది వేరే ఆట. బావి ఉందని కుళాయి కట్టేస్తారా ఎవరైనా?"

మడతన్నకి ఆ మాట విన్నాక కాస్త ఊపిరి ఆడింది. పోటీ ఒకటి అయిపోతే చాలు అనుకున్నాడు. రోజులు లెక్కపెట్టుకోలేదు కానీ, ఆ రోజు కోసం పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా ఎదురుచూశాడు.

ఆ రోజు తర్వాత జోరక్క మళ్ళీ లాండ్రీలో అడుగుపెట్టలేదు. కాబట్టి ఆ రోజు సంగతి జరిగింది జరిగినట్టు చెప్పాలి.

సెలవు రోజు. ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు. పొడుగాటి బల్లలు, తెల్ల గుడ్డలు, ఆ గుడ్డలు ఏ లాండ్రీలో ఉతికారో చూసి చెప్పుకుంటూ జనం గోడల పక్కన నిలబడ్డారు. ఒక్కో బోర్డు పక్కనా ఒక గడియారం, రెండు మొహాలది. ఎత్తు వేసినవాళ్ళు తమ వైపు మీట నొక్కాలి, అప్పుడు వాళ్ళ టైము ఆగి అవతలివాళ్ళది నడుస్తుంది. జోరక్క ఇస్త్రీ చీర కట్టుకుని, టోపీ లేకుండా వచ్చింది. టోపీ లేని ఆమె తల చూడటం మడతన్నకి అదే మొదటిసారి. ఎదురుగా ఇంకో లాండ్రీ తరఫున లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన కూర్చున్నాడు. బట్టతల, బుద్ధిమంతుడి మొహం, జేబులో మూడు పెన్నులు.

ఆట మొదలైంది. గుమాస్తా బంటు జరిపాడు. జోరక్క తన బంటు జరిపి, "పట్టు," అంది.

హాలంతా తిరిగి చూసింది. రిఫరీ పెదవి మీద వేలు పెట్టి, మాట్లాడకూడదన్నట్టు తలూపాడు. ఎవరో కిసుక్కుమన్నారు. జోరక్క మొహం ఎర్రబడింది. ఆ తర్వాత ఎత్తు వేసి పెదవులు మాత్రమే కదిపేది. చప్పుడు రాకుండా అనుకునేది. అలా అనుకున్నాక ఆమె లెక్కలో పని అయిపోయినట్టే, దుప్పటి అవతలి చేతుల్లోకి వెళ్ళిపోయినట్టే. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మీట నొక్కడం మర్చిపోయింది.

మడతన్న గోడ దగ్గర నుంచి చూశాడు. గుమాస్తా నుదురు పట్టుకుని ఆలోచిస్తున్నాడు, గడియారం మాత్రం జోరక్క వైపు నడుస్తోంది. ఆయన ఆలోచనకి ఆవిడ టైము ఖర్చవుతోంది. అరవడానికి లేదు. మడతన్న చేత్తో గాల్లో నొక్కినట్టు చూపించాడు, ఆమె ఇటు చూడలేదు. దగ్గాడు, రిఫరీ చూశాడు. ఇస్త్రీ మామ ఇంకా గట్టిగా దగ్గాడు, రిఫరీ దగ్గరకొచ్చి మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. అలా కొన్ని ఎత్తులు గడిచాయి. చివరికి గుమాస్తాకే మనసొప్పలేదు. జేబులోంచి పెన్ను తీసి గడియారం మీద తట్టి, ఆమెకి చూపించి, తలొంచుకున్నాడు. పాపం చెవులు ఎర్రబడ్డాయి. జోరక్క గడియారాన్ని చూసింది, ఆయన్ని చూసింది, నమస్కారంలాంటిది పెట్టి మీట నొక్కింది.

ఆ తర్వాత ఆమె ఆడిన ఆట మడతన్నకి కొత్త. ఒక దగ్గర ఎంతోసేపు కదల్లేదు. కాలు ఊపడం కూడా ఆగిపోయింది. అందరూ మంత్రిని కాపాడుకుంటుందనుకుంటే, ఎవరూ చూడని ఓ మూల బంటుని ఒక్క గడి ముందుకు తోసింది. గుమాస్తా బొమ్మల మీదకి వంగిపోయాడు. మేనేజరు గోడ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, అక్కడ ఆవిరి లేకపోయినా. మడతన్నకి కూడా ఏదో అర్థమైంది. దీని అందం దీనికి ఉంది, కాదనడానికి లేదు.

గుమాస్తా ఆలోచనలో మునిగాక ఆమె లేచి తలుపు దగ్గరున్న నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చింది. లేవొచ్చని ముందే చెప్పారు. మడతన్న గ్లాసు నింపి ఇచ్చాడు. ఆమె మొహం వాడిపోయి ఉంది.

"అందరూ వచ్చేస్తున్నారు తమ్ముడూ బుర్రలోకి," అంది మెల్లగా. "మా ఆయన ఆయాసం, ఇంటికప్పు కారడం, నా మోకాలు, చచ్చిపోయిన మా అమ్మ కూడా. ఇంత ఖాళీ ఇస్తే వాళ్ళు రారా మరి. మన ఆటలో ఎవరికీ చోటుండదు. రోజుకి ఆ కాస్త సేపు లోకం నన్ను ముట్టుకోదు. ఆ కాస్త కోసమే నేను డ్రమ్ము దగ్గరికి వచ్చేది."

ఇంతలో మేనేజరు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆట గురించి నేనేం మాట్లాడకూడదమ్మా, అని మొదలుపెట్టాడు. అయినా ఒక శుభవార్త ఆపుకోలేకపోతున్నాను. రేపటినుంచి మీరు ఆ వేడిలో కష్టపడక్కర్లేదు. మేడమీద గలీబులు సరిచూసే గదిలో కూర్చునే పని, ఫ్యాను కింద. మధ్యాహ్నాలు మనం రోజూ ఇలాగే ఒక మంచి ఆట ఆడుకోవచ్చు. ఇంకో ఏడాదికి మిమ్మల్ని పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

"మరి నా బోర్డు సార్?" అంది జోరక్క.

ఆయన నవ్వాడు. చిన్నపిల్ల పాత బొమ్మని అడిగితే పెద్దవాళ్ళు నవ్వినట్టు, ముద్దుగా.

"ఇంకా ఆ బోర్డేనా అమ్మా? ఇంత ఆట ఆడాక దాన్ని ముట్టుకోవాలని మీకే అనిపించదు. వంకరపోయి, మూతలూ గుండీలతో, మీ ఆటకి అది అవమానం. మొన్నే తీసి పారేయించాను. మీకు చెక్క బోర్డు ఇస్తాను, నాది."

"మాటిచ్చారు కదా సార్," అన్నాడు మడతన్న. అతనే అనేశాడు, తనకే తెలీకుండా. ఆయన ముందు అతను నోరు తెరిచింది అదే మొదటిసారి.

మేనేజరు అతని వైపు తిరిగి, ఆమె మంచికోసమే కదా, మీరే చెప్పండి అన్నాడు. నిజంగానే అడిగాడు. అందులో మోసం లేదు. ఒకరి దగ్గరున్నది తీసేసుకుని, అంతకంటే మంచిది ఇస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి ఆయన. మడతన్న నీళ్ళ డ్రమ్ము మూత సర్దాడు. ఏం చెప్పాలి. ఫ్యాను కింద పని వద్దని ఎవరైనా అంటారా. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి కుర్చీ వద్దని ఎలా చెప్తాడు.

జోరక్క నీళ్ళు పూర్తిగా తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. బల్ల దగ్గరికి నడిచింది. గుమాస్తా అప్పటికే ఎత్తు వేసి మీట నొక్కి ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే ఒక్కసారి బోర్డు చూసింది, డ్రమ్ము దగ్గర చూసినట్టు, రెప్పపాటు. ఏనుగుని తీసి అడ్డంగా అవతలి చివరికంటా తోసింది. మీట నొక్కింది. కుర్చీ మీద పెట్టిన చేతిసంచీ తీసుకుని, బల్లల మధ్యలోంచి, జనాన్ని తప్పించుకుంటూ తలుపు దాటింది. ఎవరినీ చూడలేదు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. బయటికి వెళ్ళి వస్తుందనుకున్నారు. గుమాస్తా ఆ ఏనుగుని చూసి చాలాసేపు తల పట్టుకున్నాడు. ఆ ఎత్తు మంచిదో చెడ్డదో మడతన్నకి ఇప్పటికీ తెలీదు. మేనేజరుకి తెలిసుండొచ్చు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. గుమాస్తా చివరికి ఏదో జరిపి మీట నొక్కాడు. ఖాళీ కుర్చీ వైపు గడియారం నడవడం మొదలుపెట్టింది. హాల్లో ఉన్న ఒక్కొక్కళ్ళూ తమ ఆటలు వదిలేసి ఇటు చూడసాగారు.

మేనేజరు గబగబా మడతన్న దగ్గరికి వచ్చాడు. ఆయన్ని అంత తొందరగా నడవగా లాండ్రీలో ఎవరూ చూసి ఉండరు.

"వెళ్ళి పిలుచుకు రండి. టైము పోతోంది. మీరు పిలిస్తే వస్తుంది."

మడతన్న పక్కనున్న కిటికీలోంచి చూశాడు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది. లాండ్రీకి వెళ్ళాలన్నా, ఆమె ఇంటికి వెళ్ళాలన్నా గేటు దాటాక ఎడమవైపు తిరగాలి. ఆమె కుడివైపు తిరిగింది.

"నేను పిలవను సార్," అన్నాడు.

మేనేజరు ఇస్త్రీ మామ వైపు చూశాడు. ఇస్త్రీ మామ తనకి చెవుడున్నట్టు గోడ మీది పాత క్యాలెండరు చదువుకుంటున్నాడు. మిగతా లాండ్రీవాళ్ళు, బండి తోసేవాళ్ళు, రోలరువాళ్ళు, సోడానీళ్ళవాళ్ళు, ఉన్నచోట ఉన్నట్టే నిలబడ్డారు. ఒక్కళ్ళూ తలుపు వైపు అడుగేయలేదు.

మడతన్న కిటికీ వదల్లేదు. బయట వాన వెలిసి రోడ్డు తళతళమంటోంది. జోరక్క కొంగు నడుముకి దోపుకుని, వచ్చే బస్సుకీ పోయే లారీకీ మధ్యలోంచి, ఎక్కడా ఆగకుండా రోడ్డు దాటుతోంది.